చెవులు మూసుకుని విన్నాను

ఆ రోజు మా ఆవిడ నాతో ఏదో అంది. 2018 అక్టోబరు, మధ్యాహ్నం మూడు గంటల వేళ. ఇంగ్లండు తూర్పు తీరంలో డన్నిచ్ అనే చిన్న ఊరి దగ్గర సముద్రం ఒడ్డున నిలబడి ఉన్నాం. నా చెవులకు మా అల్లుడు కొనిచ్చిన పెద్ద హెడ్‌ఫోన్లు ఉన్నాయి, బయటి చప్పుడును లోపలికి రానివ్వని రకం. ఆమె పెదాలు కదలడం చూశాను. ఉండమన్నట్టు చెయ్యెత్తాను. ఆమె ఆగిపోయింది. కాసేపు నీళ్ళవైపు చూసి, శాలువా తలమీదికి లాక్కుని, కారు దగ్గరికి నడిచి వెళ్ళిపోయింది.

ఏమందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ రాత్రి అడిగితే, "ఏందో అన్నాలే బావా, మతికి లేదు" అంది. నేను చెప్పుకోవాలనుకున్నదంతా ఆ ఎత్తిన చెయ్యి గురించే.

నేను సర్వేయరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ముప్పయ్యేళ్ళకు పైగా కర్నూలు జిల్లా పల్లెల్లో గొలుసు పట్టించి పొలాలు కొలిచాను. గుంటర్ గొలుసు 66 అడుగులు, వంద లింకులు. పది చదరపు గొలుసులైతే ఒక ఎకరా. ఎగుడుదిగుడు నేలనీ, వంకనీ, గట్టుమీది తుమ్మచెట్టునీ కాగితం మీద గీతలుగా దించడం నా వృత్తి. పాట విషయంలోనూ నాకు అదే అలవాటు. పల్లవి ఎక్కడ మొదలైందో, చరణం ఎక్కడ తిరిగిందో హద్దురాళ్ళలాగా కనబడాలి. ఘంటసాల గొంతు, కడప రేడియో, వాటితో పెరిగినవాణ్ణి. మాట లేని పాట ఉంటుందంటే ఆలాపన వరకు ఒప్పుకునేవాణ్ణి, అంతే.

2004లో మా మేనల్లుడు హైదరాబాదులో ఇంజనీరింగు చదువుతున్నప్పుడు ఒక సీడీ తయారుచేసి తెచ్చాడు. నాకోసమే చేశాడు. మీద తన చేతిరాతతో పేర్లు రాసుకొచ్చాడు. ఇంటినిండా చుట్టాలున్న రోజు. పెట్టాను. నాలుగు నిమిషాలైనా ఏమీ మొదలవలేదు. అందరూ వింటుండగా, "ఇందులో పాటేదిరా? ట్రాన్స్‌ఫార్మర్ పక్కన నిలబడితే ఇదే వినబడుతుంది కదా" అన్నాను. అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు. నవ్వుతూనే సీడీ తీసి కవరులో పెట్టేసుకున్నాడు. ఆ తర్వాత పద్నాలుగేళ్ళపాటు నా దగ్గర సంగీతం ఊసు ఎత్తలేదు. నేనూ అడగలేదు. అది నా మొదటి తెలివితక్కువ. అది వాడి మనసుకు తగిలిందన్న సంగతి కూడా నాకు అప్పుడు తోచలేదు.

పద్నాలుగేళ్ళ తర్వాత ఆ సంగీతమే నా దగ్గరికి వచ్చింది, నేను పిలవకుండానే.

మా అమ్మాయీ అల్లుడూ ఇప్స్‌విచ్‌లో ఉంటారు. మనవరాలు పుట్టాక ఆరు నెలలకని వెళ్ళాం. అక్టోబరు చలి, వాన. ఒక రాత్రి నిద్రపట్టక పడుకుని ఉంటే కప్పలు అరుస్తున్నట్టు వినిపించింది. ఈ చలిలో కప్పలేమిటని లేచి కిటికీ తెరిచాను. వాన తప్ప ఏమీ లేదు. కిటికీ మూస్తే మళ్ళీ కప్పలు. వాటి వెనక ఎక్కడో, మైళ్ళ అవతల, ఎవరో ఒక స్వరం పట్టుకుని వదలకుండా ఉన్నట్టు. తంబూరా కాదు, కానీ తంబూరాలాగే దానికి మొదలూ చివరా లేవు. చీకట్లో వరండా దాటి వెళ్తే పాప గదిలోంచి వస్తోంది. ఓరగా వేసిన తలుపు, లోపల చిన్న స్పీకరు, పాప నిద్ర. అక్కడే గోడకు ఆనుకుని నేలమీద కూర్చుండిపోయాను. నా ముందు ఒక పెద్ద చదును నేల పరుచుకున్నట్టు, సాయంత్రం వెలుతురు పోతున్నట్టు, పశువులన్నీ ఇంటికి వెళ్ళిపోయాక మిగిలిన ఖాళీలాగా ఉంది. దుఃఖం అందామంటే దుఃఖమూ కాదు. గుండెలో ఏదో బరువు మాత్రం పక్కకు జరిగింది.

పొద్దున అమ్మాయిని అడిగితే చెప్పింది. బ్రయన్ ఈనో, 1982లో వచ్చిన ఆల్బమ్, పేరు 'ఆన్ ల్యాండ్'. పాపకు రోజూ ఇదే జోల అట.

పేరు వినగానే మేనల్లుడి చేతిరాత గుర్తొచ్చింది. ఆ సీడీ మీదున్న పేర్లలో ఇదీ ఒకటి.

ఇక్కడితో ఆగి, రోజూ రాత్రి ఆ తలుపు దగ్గర కూర్చుని వినుంటే ఎంత బాగుండేది! నేను అలా చేయలేదు. దొరికిందాన్ని గుప్పిట్లో పట్టుకోవాలనుకున్నాను. అల్లుడు హెడ్‌ఫోన్లు కొనిచ్చాడు. పొద్దున కాఫీ దగ్గర్నుంచి రాత్రి దాకా అవి నా చెవులమీదే ఉండేవి, అది కూడా పెద్ద సౌండులో. జర్మనీవాళ్ళు టాంజరీన్ డ్రీమ్ 1974లో చేసిన 'ఫీడ్రా' విన్నాను. స్కాట్లండు అన్నదమ్ములిద్దరు బోర్డ్స్ ఆఫ్ కెనడా అన్న పేరుతో 1998లో విడుదల చేసిన ఆల్బమ్ విన్నాను. కెనడా ప్రభుత్వ ఫిల్మ్ బోర్డును తలచుకుని పెట్టుకున్న పేరది. పాత పాఠాల ఫిల్ముల్లో టేపు అరిగిపోయి స్వరం వణికినట్టే వాళ్ళ వాయిద్యమూ వణుకుతుంది. ఆర్కిటిక్ వలయానికి ఉత్తరాన ఉన్న ట్రోమ్సో అనే నార్వే ఊరివాడు గయిర్ యెన్సెన్ బయోస్ఫియర్ అన్న పేరుతో 1997లో చేసిన 'సబ్‌స్ట్రేటా' విన్నప్పుడైతే ఎండ పడని మంచుమీద ఒంటరిగా నిలబడ్డట్టు వణికిపోయాను.

వినేకొద్దీ నా వృత్తి నాలో లేచి కూర్చుంది. కళ్ళకు ఏమీ చూపించకుండా ఇంత దూరాన్ని వీళ్ళు ఎట్లా కట్టగలుగుతున్నారు? నాలుగు రోజులు అదే పట్టుకున్నాను. దూరాన్ని కొలవడానికి చెవికి దాని సొంత గొలుసు ఉంది. చప్పుడు గాలిలో ప్రయాణం చేసేటప్పుడు అందులోని సన్నని, పదునైన భాగం ముందు అరిగిపోతుంది. మొద్దు భాగం ఎక్కువ దూరం వస్తుంది. ఊరి జాతరను పొలంలోంచి వింటే సన్నాయి సన్నగిల్లి డోలు మాత్రం అందడం అందుకే. దానికి తోడు, దగ్గరి చప్పుడు నేరుగా చెవిలో పడుతుంది. దూరపుదాంట్లో గోడలనీ గుట్టలనీ తాకి తిరిగొచ్చిన భాగం ఎక్కువ. కాబట్టి ఒక స్వరంలోని పదును తగ్గించి, దాని ప్రతిధ్వనిని పెంచితే, వాయించినవాడు గదిలో ఉన్నా స్వరం మైలు దూరానికి వెళ్ళి నిలబడుతుంది. ఒకటి దగ్గర, ఒకటి అంతకంటే దూరం, ఒకటి దిగంతంలో పెడితే మధ్యలో నేల దానంతటదే ఏర్పడుతుంది. ఈ సంగీతంలో దిగులు కూడా అక్కడినుంచే పుడుతుందని నా అభిప్రాయం. చప్పుళ్ళన్నీ దూరంనుంచే వస్తాయి. మన పక్కన మాత్రం ఎవరూ ఉండరు.

ఇంతవరకు నా కుతూహలంలో తప్పు లేదు. 'ఆన్ ల్యాండ్'లోని పాటల పేర్ల జోలికి వెళ్ళినప్పుడు తప్పు మొదలైంది. ఎనిమిదింటిలో కొన్నిటి పేర్లు ఊళ్ళవీ నేలలవీ. లాంటర్న్ మార్ష్. బ్రాకెట్లో లీక్స్ హిల్స్ అని ఉన్న ఒకటి. చివరిది, డన్నిచ్ బీచ్, 1960 శరత్తు. ఈనో పుట్టింది 1948లో, ఆ పక్కనే. అప్పటికి పన్నెండేళ్ళవాడు. ఇవన్నీ మా అమ్మాయి ఇంటినుంచి గంట ప్రయాణంలోపు ఉన్నాయని తెలిసేసరికి నాకు ఊపిరాడలేదు. ఆర్డ్నెన్స్ సర్వే వాళ్ళ మ్యాపు కొన్నాను, 1:25,000 కొలత. ప్రతి పొలం గట్టూ ఉంది అందులో. పెన్సిలు చెక్కుకుని కూర్చున్నాను. సంగీతాన్ని తీసుకెళ్ళి నేలమీద పెట్టి సరిచూడాలి. నాకు తెలిసిన పని అదొక్కటే.

లీక్స్ హిల్స్‌కు ఒక్కణ్ణే వెళ్ళాను. ఇప్స్‌విచ్ నుంచి వుడ్‌బ్రిడ్జికి రైలు, అక్కడినుంచి నడక. వుడ్‌బ్రిడ్జికీ మెల్టన్‌కూ మధ్య చిన్న చెట్ల గుంపు. చుట్టూ ఇళ్ళు, పక్కన రోడ్డు. చెవుల్లో మహారణ్యం, ఎదురుగా ఇది. నేను మోసపోయినట్టు కోపం తెచ్చుకున్నాను. తప్పుడు రికార్డు పట్టుకుని పొలానికి వచ్చిన రైతుమీద వచ్చే కోపంలాంటిది.

చాలా తర్వాత చదివాను, ఆ ఆల్బమ్‌తోపాటు ఈనో రాసిన మాటలు. నేను చిరాకుపడ్డ విషయం ఆయన ముందే చెప్పేశాడు. లీక్స్ హిల్స్ చిన్న అడవి అనీ, తన చిన్నప్పటికంటే ఇప్పుడు ఇంకా చిన్నదైపోయిందనీ రాశాడు. లాంటర్న్ మార్ష్ తను పెరిగిన చోటికి కొద్ది మైళ్ళే అయినా, ఆ సంగీతం అక్కడికి వెళ్ళిన జ్ఞాపకంలోంచి రాలేదట. ఆ పేరును ఒక మ్యాపులో చూసి, అది ఎట్లా ఉంటుందో ఊహించుకోవడంలోంచి వచ్చిందట. ఆ మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. నేను జీవితమంతా నేలను మ్యాపు చేశాను. ఆయన మ్యాపులోంచి నేలను పుట్టించాడు. నేను ఆ నేలను మళ్ళీ మ్యాపులో పెట్టి సరిపోలేదని కోప్పడ్డాను.

డన్నిచ్‌కు మాత్రం అందరం కారులో వెళ్ళాం. ఒకప్పుడు అది పెద్ద రేవు పట్టణం. 1286లో వచ్చిన పెద్ద తుఫాను రేవును దెబ్బతీసింది. ఆ తర్వాత వందల ఏళ్ళు సముద్రం ఒడ్డును కోసుకుంటూ వీధులకు వీధులు తినేసింది. ఒక పాత చర్చి గోపురంలో మిగిలిన చివరి పెద్ద ముక్క 1919లో గట్టుమీంచి కింద పడింది. ఇప్పుడు కొద్దిపాటి ఇళ్ళు, ఒక మఠం మొండిగోడలు, చిన్న మ్యూజియం ఉన్నాయి. నీళ్ళ అడుగున చర్చి గంటలు మోగుతాయని అక్కడివాళ్ళు కథ చెబుతారు. అమ్మాయి కారులో ఈ సంగతులన్నీ చెబుతుంటే మా ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది. ఆమె ఎందుకు మాట్లాడలేదో అప్పుడే నాకు అర్థమై ఉండాల్సింది.

మాది మేనరికం. ఇద్దరిదీ ఒకే ఊరు. కృష్ణ ఒడ్డున ఉండేది. 1981లో శ్రీశైలం జలాశయంలో మునిగిపోయింది. ఆ ఊరి సర్వే నంబర్లు ఇప్పటికీ అడిగితే వరసగా చెబుతాను. ఏ గట్టు ఎన్ని లింకులో చెబుతాను. కాగితం ఇస్తే ఊరంతా గీసి చూపిస్తాను. కానీ ఆ ఊరి చప్పుడు ఒక్కటి కూడా నాకు గుర్తు లేదు. మా ఆవిడకు అన్నీ గుర్తే. ఏ బావి గిలక ఎట్లా కీచుమనేదో, రేవులో తెల్లారగట్ట మొదటి బిందె మునిగితే ఎట్లా ఉండేదో ఆమె చెబుతుంది. అట్లాంటి మనిషి, మునిగిపోయిన ఇంకొక ఊరి ఒడ్డున నిలబడి నాతో ఏదో అంటే, నేను చెయ్యెత్తాను. ఎందుకంటే 'డన్నిచ్ బీచ్' అప్పుడే మొదలైంది. సరిగ్గా ఆ చోట నిలబడి చివరిదాకా వినాలని ఇంట్లో బయల్దేరేటప్పుడే అనుకుని వచ్చాను.

పాట అయిపోయింది. హెడ్‌ఫోన్లు తీశాను.

అప్పుడు వినిపించింది. డన్నిచ్ ఒడ్డున అంతా గులకరాళ్ళే. అల విరిగినప్పుడు చప్పుడు మామూలే. అల వెనక్కి వెళ్ళేటప్పుడు వినాలి. వేలకొద్దీ గులకరాళ్ళు ఒకదానిమీద ఒకటి దొర్లుతూ నీళ్ళతోపాటు కిందికి జారతాయి. ఇత్తడి పళ్ళెంలో శనగలు ఒక పక్కనుంచి ఇంకో పక్కకు ఒలికించినట్టు ఉంటుంది. అది పూర్తిగా ఆగదు. సన్నగిల్లి, ఇక ఆగిపోతుందనుకునేసరికి ఇంకో అల. అట్లాంటివి ఎనిమిదో తొమ్మిదో విన్నాను. అంతలో కారు హారను మోగింది. పాప ఏడుస్తోంది, వెళ్ళాలి.

ఆ రాత్రి మేనల్లుడికి ఫోన్ చేశాను. సీడీ సంగతి ఎత్తి, "తప్పుగా మాట్లాడినాను రా" అన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకటే అడిగాడు: "మామా, ఎంత సౌండులో వింటుండావు?"

చెప్పాను. అప్పుడు వాడు నాకు 1975 నాటి కథ చెప్పాడు. ఆ జనవరిలో ఈనోకు ప్రమాదం జరిగి మంచాన పడ్డాడు. చూడవచ్చిన స్నేహితురాలు పద్దెనిమిదో శతాబ్దపు హార్ప్ సంగీతం రికార్డు ఒకటి ఇచ్చి వెళ్ళింది. ఆయన కష్టంమీద లేచి దాన్ని పెట్టి, వచ్చి పడుకున్నాడు. తీరా చూస్తే సౌండు బాగా తగ్గించి ఉంది, రెండు స్పీకర్లలో ఒకటి పలకడమే లేదు. మళ్ళీ లేచే ఓపిక లేదు. అట్లాగే పడుకుని విన్నాడు. వినీ వినబడని హార్ప్, బయట వాన. గదిలోని వెలుతురు, వాన చప్పుడు ఎట్లాగో సంగీతమూ అట్లాగే ఆ చోటులో ఒక భాగంగా వినవచ్చని ఆయనకు తట్టింది అప్పుడే. ఆ ఏడాదే 'డిస్క్రీట్ మ్యూజిక్', కొన్నేళ్ళకు 'మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్' వచ్చాయి. "పెద్దగా పెట్టి, బయటిది రాకుండా మూసుకుని వినేదానికి చేసింది కాదు మామా అది. చుట్టూ ఉండేది కూడా దాంతో కలవాల" అన్నాడు.

మొదటి రాత్రి నేను విన్నది సరిగ్గా అట్లాగే. ఓరగా వేసిన తలుపు, చిన్న సౌండు, వాన. అప్పుడు సరిగ్గా విన్నది నా గొప్ప ఏమీ కాదు. అట్లా వినడానికి కావలసినవన్నీ ఆ ఇంట్లో వాటంతటవే అమరి ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా తీసేసింది నేను. తలుపు తీసేశాను, వాన తీసేశాను, పాప ఊపిరి తీసేశాను, చివరికి మా ఆవిడ మాట కూడా.

'ఆన్ ల్యాండ్' పుట్టుకలో ఇంకొక సంగతి ఉంది. ఈనో ఘనాకు వెళ్ళినప్పుడు అక్కడి పాటలూ మాటలూ రికార్డు చేద్దామని మైకు తీసుకెళ్ళాడు. సాయంత్రాలు మాత్రం వరండాలో కూర్చుని, మైకు బయట పెట్టి, చుట్టూ ఉన్న చప్పుళ్ళన్నిటినీ హెడ్‌ఫోన్లలో వినేవాడు. అవన్నీ ఒక చట్రంలో చేరి సంగీతమైపోయేవట. ఆయన చెవులమీదా హెడ్‌ఫోన్లే. బయటి లోకాన్ని ఇంకా బాగా లోపలికి రానివ్వడానికి ఆయన వాటిని పెట్టుకున్నాడు.

తిరిగి వచ్చాక ఆ ఎండాకాలం మా ఆవిడతో సంగమేశ్వరం వెళ్ళాను. శ్రీశైలం నీళ్ళు తగ్గితే అక్కడి గుడి బయటపడుతుంది, కొన్నాళ్ళు ఉండి మళ్ళీ మునిగిపోతుంది. హెడ్‌ఫోన్లు ఇంట్లోనే పెట్టాను. పగుళ్ళిచ్చిన ఒండ్రుమీద నడుస్తూ ఆమె చాలా చెప్పింది. అవి ఇక్కడ రాయను, ఆమెవి.

ఆ తర్వాత దసరాకు మేనల్లుడు ఇంటికొచ్చాడు. 'ఆన్ ల్యాండ్'తోపాటు ఈనో ఒక చిన్న పటం ఇచ్చాడట, మామూలు రెండు స్పీకర్లకు తోడు మూడోది ఒకటి వెనక పెట్టుకుని వినే పద్ధతి. దాని తీగలు రెండూ ఆంప్లిఫయరు కుడి ఎడమల పాజిటివ్ కొసలకు కలుపుతారు. కుడిలోనూ ఎడమలోనూ ఒకేలా ఉన్నది అందులో పలకదు, తేడా మాత్రమే పలుకుతుంది. వాడు నేలమీద కూర్చుని వైరు తొడుగు పళ్ళతో ఒలిచి, రాగి పోగులు మెలిపెట్టి బిగించాడు. నేను టార్చి పట్టుకున్నాను. కిటికీలు తెరిచే ఉంచాం. సౌండు ఎంత ఉండాలో వాణ్ణే పెట్టమన్నాను. వీధిలో లారీ పోతే పాట వినబడనంత తగ్గించి పెట్టాడు.

మా ఆవిడ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి గడప మీద కూర్చుంది. పైన ఫ్యాను తిరుగుతోంది. ఎదురింట్లో ఎవరో బోరింగు కొడుతున్నారు. ఆ ఆల్బమ్‌ను నేను అప్పటికి ఎన్ని వందలసార్లు విన్నానో లెక్క లేదు. సింథసైజర్లు పటం గీసినట్టు పలుకుతున్నాయని, ఈనో వాటిని తగ్గించి, రాళ్ళు, కర్రలు, గొలుసు ముక్కలు వాడాడని కూడా చదివి ఉన్నాను. చదివి దాటిపోయాను.

"ఎవరో గొలుసు లాగుతుండారు" అంది ఆమె.

మేనల్లుడు తలెత్తి చూశాడు. నాకేమీ వినబడలేదు. చెయ్యి ఎత్తబోయి దించేసుకున్నాను.

"పొలంలో కొలత అయిపోయినాక నువ్వు చుట్ట చుట్టేవాడివే, ఆ చప్పుడు. మనూర్లో మా నాయన చేన్లో కొలిచినావు చూడు బావా, నేను గట్టు మీద కూచోనుంటి..."

ఆమె చెబుతోంది. పాట నడుస్తూనే ఉంది. బోరింగు చప్పుడు ఆగి మళ్ళీ మొదలైంది.